మా వాటా తలసరి ఆదాయం ఎవరి దగ్గరుంది సార్?

ప్రశ్న: సార్, నేను అనంతపురంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నాన్న టవర్ క్లాక్‌కు కొంచెం దూరంలో ఉగ్గాని బజ్జీల బండి నడుపుతారు. అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచి చట్నీ రుబ్బుతుంది, మిరపకాయలు చీలుస్తుంది, తర్వాత బండి దగ్గరికి వెళ్లి నాన్నకు సాయం చేస్తుంది. ఖర్చులు పోను నెలకు పద్దెనిమిది వేలు మిగులుతాయి. ఇంట్లో ఐదుగురం. మొన్న క్లాసులో దేశ తలసరి ఆదాయం రెండు లక్షల పైన అన్నారు. ఆ లెక్కన మా ఇంటికి ఏడాదికి పది లక్షలు రావాలి కదా? మా వాటా ఎవరి దగ్గరుంది? జీడీపీని, అంటే స్థూల దేశీయోత్పత్తిని, మూడు పద్ధతుల్లో కొలిచినా ఒకే జవాబు వస్తుందని పుస్తకంలో ఉంది, ఎందుకు వస్తుందో లేదు. అమ్మ పని జీడీపీలో ఉందా? రాయచోటి నుంచి వచ్చిన నా స్నేహితురాలి అమ్మ కువైట్‌లో ఇంటి పని చేస్తారు. ఆమె పంపే డబ్బు మన జీడీపీలో చేరుతుందా? ఆదాయ అసమానతను కొలిచే గిని గుణకం ఎన్నిసార్లు చదివినా ఎక్కడం లేదు. పరీక్షలు దగ్గర పడ్డాయి.
— ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: అమ్మా, కర్నూలులో ముప్ఫై ఏళ్లు అర్థశాస్త్రం చెప్పాను. తలసరి ఆదాయం నిర్వచనం రాయమంటే అక్షరం పొల్లుపోకుండా రాసినవాళ్లు వందల్లో ఉన్నారు. మా వాటా ఎవరి దగ్గరుందని అడిగినవాళ్లు ఒక్కరూ గుర్తుకు రావడం లేదు. ఆ ప్రశ్నకు చివర్లో వస్తాను. మొత్తం ఎంతో ఎలా తేలుస్తారో తెలియకుండా వాటా గురించి మాట్లాడలేం. అది నేర్చుకోవడానికి మీ నాన్నగారి బండి చాలు.

నువ్వు చెప్పిన పద్దెనిమిది వేలను బట్టి రోజువారీ లెక్క ఒకటి నేనే ఊహించి వేస్తున్నాను, తప్పులుంటే మీ నాన్నగారు దిద్దుతారు. రోజుకు డెబ్బై ప్లేట్లు, ప్లేటు 40 రూపాయలు. గల్లాపెట్టెలోకి 2,800 వస్తాయి. బయట నుంచి కొన్నవి: బొరుగులు 300, నూనె 550, శనగపిండి, పుట్నాలు కలిపి 350, మిరపకాయలు, ఉల్లి, టమాటా, నిమ్మకాయలు 250, గ్యాసు 250, కాగితం ప్లేట్లూ ఇతర చిల్లర 100. మొత్తం 1,800. ఈ రెండింటి తేడా వెయ్యి రూపాయలు. మీ బండి దేశ ఉత్పత్తికి ఆ రోజు చేర్చినది ఆ వెయ్యే. పుస్తకంలో ‘జోడించిన విలువ’ అన్న మాటకు అర్థం ఇది.

మొత్తం 2,800 అనకూడదా అంటే, కూడదు. బొరుగుల బట్టీ వాళ్లు తమ 300 ఒకసారి చెబుతారు, మిల్లు వాళ్లు పిండి డబ్బు ఒకసారి చెబుతారు, మళ్లీ మీ నాన్న తన 2,800లో ఆ రెండింటినీ కలిపి చెబుతారు. ఒకే బొరుగు రెండుసార్లు లెక్కలో పడుతుంది. జీడీపీ అంటే ఒక సంవత్సరంలో దేశ సరిహద్దుల్లో తయారైన అంతిమ వస్తువులు, సేవల మొత్తం విలువ. ఆ నిర్వచనంలో ‘అంతిమ’ అన్న మాటను అందుకే వదిలేయకూడదు. ఇక్కడ విద్యార్థులు ఒకచోట జారిపోతారు. బొరుగులు మధ్యంతర వస్తువా, అంతిమ వస్తువా అని అడిగితే వస్తువును చూసి చెప్పబోతారు. చూడాల్సింది కొన్నవాళ్లను. మీ నాన్న బండి కోసం కొన్న బొరుగులు మధ్యంతరం, ఇంకో సరుకులో కలిసి మళ్లీ అమ్ముడవుతాయి కాబట్టి. అదే దుకాణంలో, అదే బస్తాలోంచి మీ పక్కింటావిడ సాయంత్రం పిల్లలకు పెట్టడానికి కొన్న అరకిలో అంతిమం.

ఇక మూడు పద్ధతుల సంగతి. ఉత్పత్తి పద్ధతి ఇప్పుడు చూశావు. ఆ వెయ్యి ఎవరెవరికి పోయిందో చూడు: గిన్నెలు కడిగే ఆమెకు 250 కూలి, బండి నిలుపుకున్న జాగాకు 50 అద్దె, బండి కొనడానికి తెచ్చిన అప్పు మీద 50 వడ్డీ, మీ ఇంటికి 650. నెలకు 28 రోజులు బండి పెడితే పద్దెనిమిది వేల పైచిలుకు. కూడితే మళ్లీ వెయ్యి. ఇది ఆదాయ పద్ధతి. రెండు లెక్కలూ కలవడంలో వింత లేదు, జోడించిన ప్రతి రూపాయీ ఎవరో ఒకరి చేతికి వెళ్లాల్సిందే కదా. మిగిలిన 650ని మన జాతీయ గణాంకాల్లో ‘మిశ్రమ ఆదాయం’ అంటారు, ఎందుకంటే అందులో మీ నాన్న శ్రమ ఎంత, పెట్టుబడి మీద లాభం ఎంత, మీ అమ్మ శ్రమ ఎంత అని విడదీయడం ఎవరివల్లా కాదు. మీ అమ్మ సంగతికి మళ్లీ వస్తాను.

వ్యయ పద్ధతిలో కొన్నవాళ్ల వైపు నుంచి మొదలుపెడతాం. బండి దగ్గర నిలబడి తిన్నవాళ్లు 2,800 ఇచ్చారు. అది వినియోగ వ్యయం. వెనక్కి నడిస్తే ఆ 2,800లో మీ వెయ్యి, బట్టీ వాళ్లు జోడించినది, పిండిమిల్లు జోడించినది, మిరప రైతు జోడించినది, గ్యాసు వాళ్లది అన్నీ ఉంటాయి. అన్నీ కలిపితే 2,800 రావాలి. కానీ రావు! నూనె దగ్గర తెగుతుంది. వేరుశనగకు పేరుమోసిన జిల్లా మీది, బుడ్డలు లేని ఇల్లుండదు, అయినా బండి మీద బాణలిలో కాగేది చాలావరకు ఇండోనేషియా, మలేషియాల నుంచి దిగిన పామాయిల్. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. నీ 550 రూపాయల నూనెలో 300 విదేశానికి పోయిందనుకుందాం. ఆ 300 ఇక్కడి ఉత్పత్తి కాదు కాబట్టి తీసేయాలి. మిగిలిన 2,500 దేశంలోపల అందరూ జోడించిన విలువల మొత్తానికి సరిపోతుంది. వినియోగం, పెట్టుబడి, ప్రభుత్వ వ్యయం, ఎగుమతులు కలిపి దిగుమతులు తీసేయమని సూత్రంలో ఉంటుంది చూడు, ఆ చివరి తీసివేతకు కారణం ఇదే. దిగుమతులు చెడ్డవని తీసేయడం కాదు. మొదటి మూడు పద్దుల్లో పొరపాటున చేరిపోయిన పరాయి సరుకును బయటికి తీయడం. ఈ ఒక్క వాక్యం సొంత మాటల్లో రాస్తే దిద్దేవాళ్లు కలం ఆపి చదువుతారు.

పుస్తకంలో మూడూ ఖచ్చితంగా సమానం. దేశం లెక్కలో కావు. మన జాతీయ గణాంకాల పట్టికలో ‘వ్యత్యాసాలు’ అని విడిగా ఒక వరుసే ఉంటుంది. ఉత్పత్తి వైపు నుంచి వచ్చిన అంకెకు, వ్యయం వైపు నుంచి వచ్చిన అంకెకు మధ్య మిగిలిన తేడాను దాచకుండా అక్కడ పెడతారు. సంతలో లెక్క తేలనప్పుడు ‘చిల్లర తేడా’ అని రాసుకుంటారే, అలాంటిదే. కాకపోతే ఇక్కడ చిల్లర లక్షల కోట్లలో కూడా ఉండవచ్చు.

తేడా ఎందుకు వస్తుందంటే, మీ నాన్న ఎవరికీ ఖాతా పుస్తకం చూపించరు కాబట్టి. పెద్ద కంపెనీలు ఏటా ఆడిట్ చేసిన లెక్కలు దాఖలు చేస్తాయి. బండ్లు, టైలరు దుకాణాలు, మగ్గాలు, ఆటోలు దాఖలు చేయవు. వాటికోసం ఉత్పత్తిని సర్వేల ద్వారా అంచనా వేస్తారు: ఇలాంటి పనిలో ఒక మనిషి సగటున ఎంత విలువ జోడిస్తాడు, అలాంటి మనుషులు ఎందరున్నారు అని గుణిస్తారు. సర్వే లేని ఏళ్లలో ఇతర సూచికలను పట్టుకుని ఆ అంచనాను ముందుకు జరుపుతారు. ఇక్కడే పండితుల మధ్య పెద్ద వాదం ఉంది. పెద్ద దుకాణాలు బాగుంటే బండ్లూ బాగున్నట్టే అనుకోవడం అన్నివేళలా కుదరదు. 2016లో పెద్దనోట్లు రద్దయిన నవంబరు నెల ఎలా గడిచిందో మీ నాన్నగారిని అడిగి చూడు. నగదు మీద బతికే వ్యాపారాలకు తగిలిన దెబ్బను కంపెనీల లెక్కలు చూసి ఊహించడం కష్టం.

ధరల గొడవ కూడా మీ బండి మీదే తేల్చేద్దాం. ప్లేటు 30 ఉన్న రోజుల్లో డెబ్బై ప్లేట్లకు 2,100. ఇప్పుడు అవే డెబ్బై ప్లేట్లకు 2,800. నామమాత్రపు లెక్కలో 33 శాతం వృద్ధి. ఒక్క బజ్జీ కూడా ఎక్కువ వేయలేదు కాబట్టి వాస్తవ వృద్ధి సున్నా. దేశం సంగతి: 2025 మే నెలలో విడుదలైన తాత్కాలిక అంచనా ప్రకారం 2024-25లో జీడీపీ ఆనాటి ధరల్లో 330.68 లక్షల కోట్లు, 2011-12 ధరల్లో 187.97 లక్షల కోట్లు. వృద్ధి మొదటి లెక్కలో 9.8 శాతం, రెండో లెక్కలో 6.5 శాతం. వార్తల్లో వినిపించే వృద్ధి రేటు రెండోది. అంకె రాసేటప్పుడు ఏ సంవత్సరపు ధరల్లోనో పక్కనే రాయి, లేకపోతే అది సగం జవాబే. ఆధార సంవత్సరం, అంటే ఏ ఏడాది ధరలు పట్టుకుని లెక్కిస్తారో ఆ ఏడాది, మారినప్పుడు పాత అంకెలూ మారతాయి, కంగారు పడకు.

ఇప్పుడు రాయచోటి అమ్మాయి వాళ్లమ్మ దగ్గరికి. జీడీపీలో మధ్యనున్న ‘దేశీయ’ అన్న మాట గీత గీస్తుంది. పని ఏ నేల మీద జరిగితే ఆ దేశపు లెక్క. ఆమె కువైట్‌లో చేసిన పని కువైట్ జీడీపీలో ఉంటుంది. ఆమె పంపిన డబ్బు రాయచోటి చేరినంత మాత్రాన మన జీడీపీ పెరగదు. ఆ డబ్బుతో ఇక్కడ ఇల్లు కడితే, ఆ మేస్త్రీ పనీ సిమెంటూ మాత్రం మన జీడీపీలో చేరతాయి. పుస్తకాల్లో సాధారణంగా ‘విదేశాల నుంచి వచ్చే నికర కారక ఆదాయం కలిపితే జాతీయోత్పత్తి వస్తుంది’ అని రాసి, ఉదాహరణగా గల్ఫ్ డబ్బు పెడతారు. కారక ఆదాయం అంటే శ్రమకూ పెట్టుబడికీ ప్రతిఫలంగా వచ్చేది. ఆ ఉదాహరణ పూర్తిగా సరికాదు. ఏడాదికి మించి అక్కడే ఉండి పనిచేసేవాళ్లను గణాంకాలు అక్కడి నివాసులుగానే చూస్తాయి. వాళ్లు ఇంటికి పంపేది కారక ఆదాయం కింద కాక బదిలీ (బదులుగా ఏమీ తీసుకోకుండా ఇచ్చిన డబ్బు) కింద వస్తుంది, జాతీయ ఆదాయంలో కూడా కాక ‘జాతీయ వ్యయార్హ ఆదాయం’, అంటే దేశవాసులు ఖర్చుకో పొదుపుకో వాడుకోగల మొత్తం, అనే మరో మెట్టులో చేరుతుంది. మీ పుస్తకం వేరేగా చెబితే పరీక్షలో పుస్తకం మాటే రాసి, కింద ఒక వాక్యంలో ఇది చేర్చు. మార్కులు పోవు.

ఇదే సంగతి తలకిందులుగా చూడాలంటే పెనుకొండ దగ్గర ఎర్రమంచికి వెళ్లు. కియా కార్ల కర్మాగారం యజమానులు కొరియా వాళ్లు. కారు తయారీలో జోడించిన విలువ అంతా భారత జీడీపీ, ఎందుకంటే నేల మనది. అందులో కొరియా యజమానుల లాభం మాత్రం జాతీయ ఆదాయానికి వచ్చేసరికి తీసేయాలి. ఇలా బయటికి పోయేది లోపలికి వచ్చేదానికంటే ఎక్కువ కాబట్టే మన జాతీయ ఆదాయం జీడీపీ కంటే కొంచెం తక్కువ.

ఇంకో మెట్టు దిగి జిల్లాల మధ్య చూడు. కోసిగి నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఏటా సంక్రాంతి తర్వాత కొన్ని వారాలు క్లాసుకు వచ్చేవాడు కాదు. మొదటి ఏడు కోప్పడ్డాను. ‘సుగ్గికి పోయినాం సార్’ అన్నాడు. గుంటూరు వైపు మిరపకోతకు ఇంటిల్లిపాదీ వెళ్లడాన్ని కర్నూలు పడమటి మండలాల్లో అలాగే అంటారు. అటెండెన్స్ రిజిస్టరు మీద సంతకం చేసేటప్పుడు అతని చేతివేళ్లు చూశాను, మిరప ఘాటుకు చర్మం పొరలు లేచి ఉంది. ఆ వేళ్లు కోసిన మిరప గుంటూరు జిల్లా ఉత్పత్తి. తెచ్చుకున్న కూలి కోసిగి ఇంటి ఆదాయం. జిల్లాల తలసరి ఆదాయాలను అర్థగణాంక శాఖ ఉత్పత్తి వైపు నుంచే కడుతుంది. అందుకని ‘ఫలానా జిల్లా తలసరి ఆదాయం’ అన్నప్పుడు అది ఆ జిల్లా మనుషుల చేతికి వచ్చిన డబ్బు అనుకోకు. శ్రీ సత్యసాయి జిల్లా లెక్కలో ఎర్రమంచి కార్ల విలువ ఉంటుంది. దాన్ని రొళ్ల మండలంలో రాగి పండించే రైతుతో కలిపి భాగిస్తారు. ఆ రైతు తలసరి ఆదాయం కాగితం మీద పెరిగినట్టు ఆ రైతుకు ఎవరూ చెప్పరు.

మీ అమ్మగారి పని రెండు ముక్కలుగా ఉంది. బండి కోసం ఆవిడ పడే కష్టానికి జీతం లేకపోయినా అది జీడీపీలో ఉంది, ఆ 650 రూపాయల మిశ్రమ ఆదాయంలో కలిసిపోయి ఉంది. లెక్క మీ నాన్న పేరుమీద కనిపించడం వేరే బాధ. ఇంటి పని మాత్రం జీడీపీలో లేదు. ఒక గిన్నెడు పల్లీ చట్నీ ఊహించుకో. రుబ్బింది ఒకసారి, ఒకే చేయి. అందులో ముప్పాతిక వంతు బండికి వెళుతుంది, అది జీడీపీ. మిగిలిన పావు మీ ఐదుగురి ఇడ్లీలోకి వస్తుంది. ఆ పావుకు పట్టిన శ్రమ జీడీపీ కాదు. మరో తిరకాసు: రైతు పండించుకుని ఇంటికి దాచుకున్న వేరుశనగను అంచనా కట్టి జీడీపీలో చేరుస్తారు, సొంత ఇంట్లో ఉన్నవాళ్లకు లేని అద్దెను ఊహించి చేరుస్తారు, అమ్మ వండిన అన్నాన్ని మాత్రం చేర్చరు. సొంతానికి చేసుకున్న వస్తువు లోపల, సొంతానికి చేసుకున్న సేవ బయట అన్నది అంతర్జాతీయంగా పెట్టుకున్న నియమం. కొలవడం కష్టం, ధర లేదు, పోలికలు చెడిపోతాయి అని వాదిస్తారు. ఆ వాదనలో కొంత నిజముంది. కానీ గడియారం ఆ పనిని కొలవగలదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తే, ఇంటి పనిలో చేయి పెట్టే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు.

ఇటు లెక్కలోకి రావలసినవి రాకుండా ఉంటే, అటు వచ్చి కూర్చునేవీ ఉన్నాయి. మీ జిల్లాలో బోరు బండి పిలిపించి ఆరువందల అడుగులు దింపి, నీళ్లు పడక, మర్నాడు ఇంకో చోట దింపిన రైతులను నీకు చెప్పక్కర్లేదు. బోరు బండి చేసిన పని జీడీపీలో ఉంటుంది, గుంట ఎండిపోయినా సరే. భూమిలో తగ్గిపోయిన నీటిని మాత్రం ఎవరూ తీసివేయరు. పాత బైకు, పాత భూమి చేతులు మారితే మాత్రం జీడీపీలో చేరదు, మధ్యవర్తి కమిషన్ చేరుతుంది. తొలకరి వానకు కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు ఏరుకునేవాళ్ల సంగతి అడిగితే, దొరికిన రాయి నియమం ప్రకారం ఉత్పత్తే, కానీ అది చీకట్లో చేతులు మారుతుంది. కాగితం లేని రాయి ఏ పట్టికలో ఎక్కుతుంది?

ఇక నీ అసలు ప్రశ్న. తలసరి ఆదాయం అంటే నికర జాతీయ ఆదాయాన్ని (జాతీయ ఆదాయంలోంచి యంత్రాలు, భవనాల అరుగుదల తీసేయగా మిగిలినదాన్ని) జనాభాతో భాగించగా వచ్చినది. 2024-25కు ఇందాకటి తాత్కాలిక అంచనాలోనే అది రెండు లక్షల అయిదు వేల పైచిలుకు. మీ ఇంటికి ఏడాదికి 2,16,000, తలకు 43,200. దేశపు సగటు మనిషి ఒక్కడికి ‘వచ్చేది’ మీ ఐదుగురికీ కలిపి వస్తోంది. మీ వాటా ఎక్కడ అంటే, మొదట ఒక సంగతి: ఆ మొత్తమంతా ఇళ్లకు చేరేది కాదు. కంపెనీలు పంచకుండా అట్టిపెట్టుకున్న లాభాలు, ప్రభుత్వానికి వెళ్లే పన్నులు కూడా అందులో ఉన్నాయి. కాబట్టి పది లక్షలను అలాగే పట్టుకుని ఎవరినీ నిలదీయలేవు. మిగతా తేడా మాత్రం పంపకంలోనే ఉంది. భాగహారం మొత్తాన్ని సమానంగా పంచినట్టు నటిస్తుంది. పంచదు.

మీ వీధిలో ఐదు ఇళ్లు అనుకుందాం. నెల ఆదాయాలు వేలల్లో: గిన్నెలు కడిగే ఆమె ఇంటికి 10, ఆటో నడిపే ఆయనకు 15, మీకు 18, ఉద్యోగం చేసే ఇంటికి 32, చివర మేడ ఇంటికి 125. మొత్తం 200, సగటు 40. ఐదు ఇళ్లలో నాలుగు సగటుకు కింద ఉన్నాయి! వరుసలో సరిగ్గా మధ్యన నిలబడినది మీ ఇల్లు, 18. దీన్ని మధ్యగతం అంటారు. మనిషి బతుకు ఎలా ఉందో తెలుసుకోవాలంటే సగటు కంటే నేను దీన్నే ముందు అడుగుతాను.

ఆదాయం ఎంత సమానంగా పంపకమైందో బొమ్మగా చూపేది లారెంజ్ వక్రరేఖ. దానికోసం కింది నుంచి కూడుకుంటూ రా. ఒక ఇంటికి మొత్తంలో 5 శాతం, కింది రెండు ఇళ్లకు 12.5, మూడింటికి 21.5, నాలుగింటికి 37.5, ఐదింటికి వంద. గ్రాఫు కాగితం మీద అడ్డంగా ఇళ్ల శాతం, నిలువుగా ఆదాయ శాతం పెట్టి ఈ చుక్కలు కలుపు. అందరికీ సమానంగా ఉంటే మూల నుంచి మూలకు నేరుగా గీత వచ్చేది. నీ గీత ఊయల తాడులా కిందికి వంగుతుంది. నేరు గీతకూ వంగిన గీతకూ మధ్యనున్న జాగా, నేరు గీత కిందనున్న మొత్తం త్రిభుజంలో ఎన్నో వంతో అదే గిని గుణకం. అమెరికా ఆర్థికవేత్త లారెంజ్ 1905లో గీసిన గీత మీద ఇటలీ గణాంకవేత్త కొర్రాడో గిని 1912లో ఈ కొలతకు రూపమిచ్చాడు.

విస్తీర్ణాలు కట్టడం విసుగు. నేను క్లాసులో మరో దారి చెప్పేవాణ్ని, జవాబు అదే వస్తుంది. ఏ రెండు ఇళ్లు తీసుకున్నా వాటి మధ్య తేడా రాయి. మొదటి ఇంటితో మిగతావాటికి 5, 8, 22, 115. రెండో ఇంటితో 3, 17, 110. మూడో ఇంటితో 14, 107. చివరి రెండింటి మధ్య 93. పది జతలు, కూడితే 494. దీన్ని ఇళ్ల సంఖ్య, మొత్తం ఆదాయం గుణించగా వచ్చిన వెయ్యితో భాగించు. 0.494. అంతే. అందరికీ సమానమైతే తేడాలన్నీ సున్నా కాబట్టి గిని సున్నా. అంతా ఒకే ఇంటికి పోతే ఒకటి అని పుస్తకం చెబుతుంది, ఐదు ఇళ్లతో లెక్క వేసి చూడు, 0.8 దగ్గరే ఆగిపోతుంది. ఇళ్లు పెరిగేకొద్దీ ఒకటికి దగ్గరవుతుంది. ఇది చాలామంది గమనించరు.

ఇప్పుడు ఆట ఆడు. మేడ ఇంటి ఆదాయం 125 నుంచి 175కు పెరిగింది, మిగతా నాలుగు ఇళ్లలో మార్పు లేదు. వీధి మొత్తం ఆదాయం 25 శాతం పెరిగింది, సగటు 50 అయింది. మధ్యగతం 18 దగ్గరే ఉంది. గిని 0.555కు ఎక్కింది. మళ్లీ మొదటికి వచ్చి, గిన్నెలు కడిగే ఆమె ఇంట్లోని ముసలి తల్లికి 4,000 పింఛను చేర్చు. ఇది బదిలీ చెల్లింపు, దీనికి బదులుగా ఏ ఉత్పత్తీ జరగలేదు కాబట్టి జీడీపీలో రాదు. గిని మాత్రం 0.47కు దిగుతుంది. మొదటి మార్పును జీడీపీ పండగలా చూపించింది, రెండోదాన్ని చూడనేలేదు.

దేశపు గిని రాసేటప్పుడు ఇంకో గుంట తప్పించుకోవాలి. దానికి సాధారణంగా వాడే మన ప్రభుత్వ సర్వే కొలిచేది ఆదాయాన్ని కాదు, ఇంటి ఖర్చును. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వేలో గిని గ్రామాల్లో 0.237, పట్టణాల్లో 0.284. చాలా తక్కువ. కానీ నెలకు పది లక్షలు వచ్చేవాడు పది లక్షలూ తినలేడు, మిగిల్చుకుంటాడు. అలాంటి ఇళ్ల గేటు సర్వే వాళ్లకు తెరుచుకోవడమూ అరుదు. అందుకని ఖర్చుల గిని సాధారణంగా ఆదాయాల గిని కంటే తక్కువగా ఉంటుంది. పన్ను రికార్డులనూ కలిపి ఆదాయాలను అంచనా కట్టిన ప్రపంచ అసమానతల పరిశోధనాలయం, 2022-23లో పైనున్న ఒక్క శాతం మందికి జాతీయ ఆదాయంలో 22.6 శాతం వెళ్లిందని చెప్పింది. ఈ అంచనా పద్ధతి మీదా విమర్శలున్నాయి. 2025 జూలైలో మన దేశం ప్రపంచంలోకెల్లా సమానమైన దేశాల్లో నాలుగోదని వార్తలు వచ్చాయి. మన ఖర్చుల గినిని కొన్ని దేశాల ఆదాయాల గిని పక్కన పెట్టిన పోలిక అది. ఒకరి ఎత్తును ఇంకొకరి బరువుతో పోల్చినట్టుంది.

ఇదంతా చదివి జీడీపీ దండగని మాత్రం రాయకు, ఆవేశంలో అలా రాసి మార్కులు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. మొత్తం ఎంతో తెలియకుండా పంపకం తప్పని నిరూపించలేవు. దాదాభాయ్ నౌరోజీ 1867-68కి మన దేశ తలసరి ఆదాయం ఏడాదికి 20 రూపాయలని లెక్కకట్టాడు. కట్టి ఊరుకోలేదు, ఆ డబ్బును జైళ్లలో ఒక ఖైదీకి తిండికీ బట్టకూ అయ్యే ఖర్చు పక్కన పెట్టి చూపించాడు. అమెరికాలో జాతీయ ఆదాయ లెక్కలకు పునాది వేసిన సైమన్ కుజ్‌నెట్స్ కూడా 1934లో తన దేశపు కాంగ్రెసుకు ఆ అంకెలు అప్పగిస్తూనే, జాతి సంక్షేమాన్ని వీటినుంచి తేల్చడం కష్టమని హెచ్చరించాడు.

పరీక్షకు: నిర్వచనంలో ‘ఒక సంవత్సరంలో’, ‘దేశ సరిహద్దుల్లో’, ‘అంతిమ’ అన్న మూడు మాటలూ ఉండాలి. మూడు పద్ధతుల ప్రశ్న వస్తే పుస్తకంలోని గోధుమ, పిండి, రొట్టె ఉదాహరణ వదిలేసి మీ బండి లెక్క రాయి. లారెంజ్ రేఖ స్కేలుతో గీయి, రెండు అక్షాల మీద ఏముందో రాయడం మరిచిపోకు, అక్కడే సగం మంది మార్కు పోతుంది.

పరీక్షలయ్యాక ఒక పని చేయి. నోటుపుస్తకంలో రెండు గడులు గీసి, ఒకదానిపైన ‘బండి’, రెండోదానిపైన ‘ఇల్లు’ అని రాసి, వారం రోజులు మీ అమ్మగారి పని గంటలు రాయి. చట్నీ రుబ్బిన సమయం ఏ గడిలో వేయాలో ఆవిడనే అడుగు. ఏమన్నారో నాకు ఉత్తరం రాయి.